సిర వెంట గుండెలోకి.. వెర్నర్ ఫోర్స్‌మన్

మోచేతి మడతలో నీలంగా కనిపించే సిర మనందరికీ తెలిసిందే. రక్తపరీక్షకు సూది గుచ్చేది అక్కడే. అది ఎక్కడిదాకా వెళ్తుందో ఎప్పుడైనా ఆలోచించారా? భుజం మీదుగా, కాలర్‌బోన్ కిందుగా సాగి, ఛాతీలోని పెద్ద సిరలో కలిసి, చివరికి గుండె కుడి పైగదిలోకి తెరుచుకుంటుంది. అంటే మోచేతి నుంచి గుండె దాకా గోడ అడ్డంలేని దారి ఒకటి అందరి ఒంట్లోనూ ఉందన్నమాట. ఈ సంగతి వైద్యులకు వందల ఏళ్లుగా తెలుసు. అయినా ఆ దారిలో బతికున్న మనిషి గుండెలోకి గొట్టాన్ని పంపి, ఎక్స్‌రే తీసి రుజువు చూపించింది మాత్రం 1929లోనే. ఆ పని చేసింది జర్మన్ వైద్యుడు వెర్నర్ ఫోర్స్‌మన్. ప్రయోగం చేసింది వేరెవరి మీదో కాదు, తన మీదే. అప్పటికాయన వయసు పాతికేళ్లకు అటూ ఇటూ.

ఇవాళ పేస్‌మేకర్ తీగలు వెళ్లేది ఈ దారినే. హార్ట్ ఫెయిల్యూర్ బాధితుల్లో కొందరికి అమర్చే మూడు తీగల పరికరానికీ ఇదే దారి. అయితే ఆ మూడో తీగ గుండె గదిలోకి చేరాక మరికొన్ని సెంటీమీటర్లు ముందుకెళ్లాలి. కష్టమంతా అక్కడే. ఆ సంగతి తర్వాత చూద్దాం. ముందు దారి తెరిచిన మనిషి గురించి తెలుసుకుందాం.

గుర్రం బొమ్మ

ఫోర్స్‌మన్ 1904 ఆగస్టు 29న బెర్లిన్‌లో పుట్టారు. తల్లిదండ్రులకు ఒక్కడే సంతానం. తండ్రి జూలియస్ న్యాయవాది. మొదటి ప్రపంచ యుద్ధానికి వెళ్లి 1916లో మరణించారు. తల్లి ఎమ్మీయే కొడుకును పెంచి చదివించారు. 1922లో బెర్లిన్ విశ్వవిద్యాలయంలో వైద్యవిద్యలో చేరి, 1929 నాటికి పరీక్షలన్నీ పూర్తిచేసి, శస్త్రచికిత్సల్లో శిక్షణ కోసం ఎబర్స్‌వాల్డ్ అనే చిన్న పట్టణానికి వెళ్లారు. అది బెర్లిన్‌కు దగ్గర్లోనే ఉంటుంది. అక్కడి ఆగస్టా విక్టోరియా ఆసుపత్రిలో పెద్ద సర్జన్ రిచర్డ్ ష్నైడర్. ఫోర్స్‌మన్ కుటుంబానికి తెలిసినవారే.

ఆ రోజుల్లో గుండె ఆగిపోతున్న రోగికి మందు ఎక్కించాలంటే పొడవాటి సూదిని ఛాతీ మీంచి నేరుగా గుండెలోకి గుచ్చేవారు. సూది గుండె మీది రక్తనాళానికి తగిలితే చుట్టూ ఉన్న పొరలోకి రక్తం చిమ్మి రోగి అక్కడికక్కడే పోయే ప్రమాదం ఉంటుంది. మరో దారి లేదా అన్నది ఫోర్స్‌మన్‌ను వేధించిన ప్రశ్న. చదువుకునే రోజుల్లో చూసిన ఒక బొమ్మ ఆయన మనసులో ఉండిపోయింది. ఫ్రెంచ్ శాస్త్రవేత్తలు షోవో, మారే 19వ శతాబ్దంలోనే గుర్రం మెడ సిరలోంచి గుండెలోకి సన్నని గొట్టం పంపి లోపలి ఒత్తిడిని కొలిచారు. గుర్రానికి ఏమీ కాలేదు. మరి మనిషికి ఎందుకు పనికిరాదు? మెడ దాకా ఎందుకు, మోచేతి సిర అయితే ఇంకా సులువు కదా!

వెళ్లి ష్నైడర్‌ను అడిగారు. రోగుల మీద వద్దన్నారాయన. పోనీ నా మీదే చేసుకుంటానంటే దానికీ ఒప్పుకోలేదు. గుండెను లోపలి నుంచి ఏది తాకినా అది ఆగిపోతుందని ఆనాటి వైద్యుల్లో చాలామందికి గట్టి నమ్మకం. పైగా భర్తను పోగొట్టుకున్న తల్లికి ఒక్కగానొక్క కొడుకు. ష్నైడర్ స్థానంలో ఎవరున్నా అదే మాట చెప్పేవారేమో.

బల్లకు కట్టేసి..

పనిముట్లు లేనిదే ప్రయోగం లేదు. ఆపరేషన్ పనిముట్ల బీరువా తాళాలుండేది నర్సు గెర్డా డిట్జెన్ దగ్గర. ఫోర్స్‌మన్ ఆమెతో స్నేహం కలుపుకొన్నారు. వైద్య పుస్తకాలు ఇచ్చి చదివించారు. సిర గుండా గుండెలోకి వెళ్లే తన ఆలోచనను కొంచెం కొంచెంగా వివరించారు. కొన్నాళ్లకు ఆమెకూ నమ్మకం కుదిరింది. ఎంతగా అంటే, ఆ ప్రయోగం తన మీదే చేయమని ముందుకొచ్చింది.

ఒక మధ్యాహ్నం ఇద్దరూ చిన్న ఆపరేషన్ గదిలో చేరారు. ఫోర్స్‌మన్ ఆమెను బల్ల మీద పడుకోబెట్టి కాళ్లూ చేతులూ పట్టీలతో కట్టేశారు. ఆమె మోచేతికి మందు రాస్తున్నట్టే రాస్తూ, ఆమెకు కనిపించని వైపు నిలబడి తన ఎడమ మోచేతికి మత్తు ఇంజెక్షన్ చేసుకున్నారు. అది పనిచేశాక చర్మం కోసి, సిరను బయటికి తీసి, దానికి గాటుపెట్టి సన్నని గొట్టాన్ని లోపలికి తోశారు. అది గుండె కోసం తయారైన గొట్టం కాదు, అప్పటికి అలాంటిది లేనేలేదు. మూత్రనాళాల్లోకి పంపే 65 సెంటీమీటర్ల కథెటర్ అది. కొంతమేర లోపలికి వెళ్లాక పట్టీలు విప్పి, ఎక్స్‌రే విభాగానికి ఫోన్ చేయమని డిట్జెన్‌కు చెప్పారు. అప్పుడుగానీ ఆమెకు మోసపోయానని తెలియలేదు. కోపం వచ్చినా వెంట నడిచింది.

ఎక్స్‌రే విభాగం కింది అంతస్తులో. చేతిలో గొట్టం వేలాడుతుండగానే ఫోర్స్‌మన్ మెట్లు దిగి వెళ్లారు. ఎక్స్‌రే తెర ముందు నిలబడితే, అందులోని బొమ్మ ఆయనకు కనిపించేలా నర్సు అద్దం పట్టుకుంది. గొట్టం కొస ఇంకా భుజం దగ్గరే ఉంది. ఈలోగా సంగతి తెలిసి తోటి డాక్టర్ పీటర్ రోమైస్ పరుగెత్తుకొచ్చి గొట్టాన్ని లాగేయబోయారు. ఆయన్ని కాలితో తన్ని మరీ ఆపాల్సి వచ్చింది. అద్దంలోకి చూస్తూ ఫోర్స్‌మన్ మిగతా గొట్టాన్నీ తోసుకుంటూ పోయారు. సిర గోడకు గొట్టం రాసుకుంటుంటే లోపల వెచ్చగా అనిపించింది. కాలర్‌బోన్ వెనకకు చేరేసరికి చిన్న దగ్గు వచ్చింది. అక్కడి నరాన్ని కదిలించడం వల్లే అయి ఉంటుందని తర్వాత రాసుకున్నారు. చివరికి గొట్టం కొస కుడి పైగదిలోకి చేరింది. నొప్పి లేదు. గుండె ఆగలేదు. ఎక్స్‌రే తీయించుకున్నారు.

సాహసం సంగతి సరే. నర్సును అలా బల్లకు కట్టేసి మోసగించడం నేటి లెక్కల్లో ఏ నైతిక కమిటీ ముందూ నిలవదు. ప్రయోగానికి సిద్ధపడ్డ మొదటి మనిషి ఆమే. అయినా వైద్య చరిత్ర పుస్తకాల్లో ఆమెకు దక్కింది ఒకటి రెండు వాక్యాలే.

మెచ్చుకోలు లేని ఇరవై ఏళ్లు

ష్నైడర్ ముందు మండిపడ్డారు. ఎక్స్‌రే చూశాక మెత్తబడ్డారు. చావుబతుకుల్లో ఉన్న ఒక రోగికి ఈ దారిన మందు ఎక్కించడానికీ అనుమతిచ్చారు. ఆమె కాసేపు తేరుకుంది కానీ బతకలేదు. ఫోర్స్‌మన్ రాసిన వ్యాసం 1929 నవంబరులో ఒక ప్రముఖ జర్మన్ వైద్య పత్రికలో వచ్చింది. పత్రికలు గగ్గోలు చేశాయి. అప్పటికాయన బెర్లిన్‌లోని ప్రఖ్యాత షారిటే ఆసుపత్రిలో, జర్మనీలోనే పేరుమోసిన సర్జన్ సావర్‌బ్రూఖ్ దగ్గర చేరారు. ఇలాంటి విద్యలు సర్కస్‌కే పనికొస్తాయని తేల్చేసిన ఆ పెద్దాయన కుర్ర డాక్టర్‌ను పంపించేశారు. మరో సర్జన్ ఇది మేము ఎప్పుడో చేశామంటూ తగువుకు దిగారు. వాళ్ల దగ్గర ఎక్స్‌రే రుజువు మాత్రం లేదు.

ఫోర్స్‌మన్ ఎబర్స్‌వాల్డ్‌కు తిరిగొచ్చి పని కొనసాగించారు. ఈసారి గొట్టంలోంచి ఎక్స్‌రేలో కనిపించే ద్రవాన్ని పంపి గుండె గదుల బొమ్మ తీయాలని ఆలోచన. ముందు కుక్కల మీద చేశారు. వాటిని ఉంచడానికి చోటులేక బెర్లిన్‌లో తల్లి ఉండే ఇంట్లో పెట్టారు. ఆ తల్లి ఓపికకు దండం పెట్టాలి! తర్వాత మళ్లీ తన మీదే చేసుకున్నారు. అలా పలుమార్లు సిరలు కోసుకున్నారు. ఆ పద్ధతిలో ఒకసారి కోసి ముడివేసిన సిర మళ్లీ గొట్టం పంపడానికి సాధారణంగా పనికిరాదు. తన ఒంట్లో ఉన్న దారుల్ని ఆయన ఒక్కొక్కటిగా ఖర్చుపెట్టుకున్నారనాలి.

ఎవరూ పట్టించుకోకపోవడంతో గుండెను వదిలేసి మూత్రపిండాల శస్త్రచికిత్స వైపు మళ్లారు. 1933లో డాక్టర్ ఎల్స్‌బెట్ ఎంగెల్‌ను పెళ్లాడారు. ఆరుగురు పిల్లలు. వారిలో బెర్న్‌డ్ అనే కొడుకు తర్వాతి కాలంలో, కిడ్నీ రాళ్లను కోత లేకుండా తరంగాలతో పొడిచేసే తొలి యంత్రం తయారీలో పాలుపంచుకున్నారు.

ఆయన జీవితంలో దాచకూడని మచ్చ ఒకటుంది. 1932లో ఫోర్స్‌మన్ నాజీ పార్టీలో చేరారు. 1945 దాకా అందులోనే ఉన్నారు. రెండో ప్రపంచ యుద్ధంలో సైనిక వైద్యుడిగా పనిచేసి అమెరికన్లకు బందీగా చిక్కారు. విడుదలయ్యాక పార్టీ సభ్యత్వం కారణంగా కొన్నేళ్లు వైద్యం చేయనివ్వలేదు. అడవిలో కట్టెలు కొట్టారు. బ్లాక్ ఫారెస్ట్ ప్రాంతంలోని పల్లెలో భార్య వైద్యం చేస్తూ ఇంటిని నెట్టుకొచ్చారు. 1950 నుంచి బాడ్ క్రాయ్‌త్స్‌నాఖ్ అనే చిన్న పట్టణంలో ఆయన మూత్రపిండాల డాక్టర్‌గా కుదురుకున్నారు.

ఈ మధ్యకాలంలో సముద్రానికి అవతల వేరే కథ నడిచింది. న్యూయార్క్ బెల్‌వ్యూ ఆసుపత్రిలో ఆండ్రే కోర్నాండ్, డికిన్సన్ రిచర్డ్స్ అనే ఇద్దరు వైద్యులు 1940ల మొదట్లో ఫోర్స్‌మన్ దారినే తీసుకుని రోగుల గుండెలోని ఒత్తిడిని, రక్తప్రసరణను కొలవడం మొదలుపెట్టారు. ప్రపంచమంతా అది పాకింది. 1956లో ఆ ముగ్గురికీ కలిపి వైద్యంలో నోబెల్ బహుమతి వచ్చింది. చిన్న పట్టణంలో కిడ్నీ ఆపరేషన్లు చేసుకుంటున్న 52 ఏళ్ల డాక్టర్‌కు అది పిడుగులాంటి కబురే. తర్వాత డ్యూసెల్‌డార్ఫ్‌లో ఒక ఆసుపత్రికి సర్జరీ విభాగాధిపతి అయ్యారు. గుండె పరిశోధనలోకి మాత్రం మళ్లీ రాలేకపోయారు. అప్పటికే ఆ శాస్త్రం ఆయన్ని దాటి చాలా దూరం వెళ్లిపోయింది. 1979 జూన్ 1న గుండెజబ్బుతోనే కన్నుమూశారు. ఒకప్పుడు ఆయనకు అనుమతి నిరాకరించిన ఎబర్స్‌వాల్డ్ ఆసుపత్రి ఇప్పుడు ఆయన పేరుతోనే నడుస్తోంది.

మూడో తీగ కష్టాలు

ఫోర్స్‌మన్ గొట్టం స్థానంలో 1958లో విద్యుత్ తీగ వచ్చింది. న్యూయార్క్‌లో సేమూర్ ఫర్‌మన్ అనే వైద్యుడు సిర గుండా కుడి కింది గదిలోకి తీగ పంపి గుండెను కొట్టించారు. తర్వాత పేస్‌మేకర్లు మామూలైపోయాయి. కానీ హార్ట్ ఫెయిల్యూర్‌లో కొందరి సమస్య వేరు. వాళ్ల గుండె నెమ్మదిగా కొట్టుకోవడం కాదు, కుడి ఎడమ గోడలు ఒకేసారి ముడుచుకోవు. ఎడమ వైపు సిగ్నల్ తీసుకెళ్లే కట్ట దెబ్బతిని, ఎడమ గోడ ఆలస్యంగా స్పందిస్తుంది. రోకటిపోట్లు వేసే ఇద్దరిలో ఒకరు లయ తప్పితే ఎలా ఉంటుందో అలా. శ్రమ ఎక్కువ, బయటికి వెళ్లే రక్తం తక్కువ. ఈసీజీలో క్యూఆర్‌ఎస్ అనే గీత 150 మిల్లీసెకన్లు దాటి వెడల్పయి, ఎకోలో పంపింగ్ 35 శాతం లేదా అంతకన్నా తక్కువ ఉండి, మందులు సరిపడా వాడినా ఆయాసం తగ్గనివారికి రెండు వైపులా ఒకేసారి కొట్టించే సీఆర్‌టీ పరికరం బాగా ఉపయోగపడుతుంది.

దీనికి ఎడమ గోడ దాకా తీగ వెళ్లాలి. ఎడమ గది లోపల తీగ ఉంచితే దాని మీద రక్తం గడ్డకట్టి మెదడుకు చేరే ప్రమాదం ఉంది. అందుకే 1994లో ఫ్రాన్స్‌లో తొలి ప్రయత్నం చేసినప్పుడు ఛాతీ తెరిచి, గుండె బయటి నుంచి తీగ అంటించారు. కొన్నేళ్లకే ఫ్రెంచ్ వైద్యులు ఛాతీ కోయకుండా సిర గుండా వెళ్లే మార్గం పట్టారు. గుండెకూ తన సొంత సిరలున్నాయి. గుండె కండరం వాడుకున్న రక్తంలో ఎక్కువ భాగం వాటిగుండా వెనక్కి వచ్చి, కరోనరీ సైనస్ అనే పెద్ద సిరలో కలిసి, కుడి పైగదిలోకి తెరుచుకుంటుంది. ఫోర్స్‌మన్ గొట్టం ఆగిన గది అదే. అక్కడి నుంచి ఆ ద్వారంలోకి దూరి, ఎడమ గోడ మీది చిన్న కొమ్మ సిరలోకి తీగను పాకించాలి.

ఇక్కడ ఒక తేడా గమనించండి. చేతి సిరలో రక్తం గుండె వైపే వస్తుంది, కవాటాలూ అటువైపే తెరుచుకుంటాయి. ఫోర్స్‌మన్ గొట్టం ప్రవాహంతో పాటు సాగింది. మూడో తీగ మాత్రం కరోనరీ సైనస్‌లో ఏటికి ఎదురీదాలి. ద్వారం దగ్గరే కొందరికి తలుపు రెక్కలాంటి పొర ఉంటుంది. మూడు వందల ఏళ్ల కిందట దాన్ని వర్ణించిన జర్మన్ వైద్యుడి పేరుతో థెబీసియస్ కవాటం అంటారు. ఇంకాస్త లోపల ఫ్రెంచ్ వైద్యుడు వ్యూసెన్స్ పేరుతో మరో కవాటం. హార్ట్ ఫెయిల్యూర్‌లో గది సాగిపోయి ఉంటుంది కాబట్టి ద్వారం ఉండాల్సిన చోట ఉండదు. దొరికాక కొమ్మ సిర పెద్ద సిర నుంచి వెనక్కి విరిచినట్టు మలుపు తిరిగి ఉండొచ్చు, మెలికలు పడొచ్చు, మరీ సన్నగా ఉండొచ్చు. కొందరికి అక్కడ కొమ్మే ఉండదు. పాత పేస్‌మేకర్ ఉన్నవారికి కాలర్‌బోన్ కింది సిరే మూసుకుపోయి ఉండొచ్చు. వెయ్యిమందిలో ముగ్గురు నుంచి అయిదుగురికి, పిండదశలో మాయమైపోవాల్సిన ఎడమవైపు పెద్ద సిర అలాగే మిగిలిపోతుంది. అది కరోనరీ సైనస్‌లోకే వచ్చి పడి దాన్ని ఉబ్బించేస్తుంది, ఎడమ వైపు నుంచి వచ్చే తీగ దారి మారిపోతుంది. తొలిరోజుల్లో నూటికి ఎనిమిది పది మందిలో ఈ తీగ పెట్టలేకపోయారంటే ఆశ్చర్యం లేదు.

ఇప్పుడు ఆ పరిస్థితి మెరుగైంది. ముందుగా కరోనరీ సైనస్‌లో చిన్న బెలూన్ ఉబ్బించి రక్తాన్ని ఆపి, రంగుద్రవం పంపి సిరల పటం తీస్తారు. ఫోర్స్‌మన్ కుక్కలతో మొదలుపెట్టిన పని ఇదే కదా. పటం చూసి రకరకాల వంపులున్న గొట్టాల్లో సరిపోయేది ఎంచుకుంటారు. పెద్ద గొట్టంలోంచి చిన్న గొట్టం, దానిలోంచి వెంట్రుకంత సన్నని తీగ, దాని మీదుగా అసలు లీడ్. సిర సన్నబడి ఉంటే యాంజియోప్లాస్టీకి వాడే బెలూన్లతో వెడల్పు చేస్తారు. మలుపు మరీ కష్టమైతే సన్నని తీగను ఒక కొమ్మలోంచి పంపి, పక్క కొమ్మతో కలిసే చోట దాటించి, ఉచ్చుతో అవతలి కొసను పట్టుకుంటారు. రెండు కొసలూ చేతిలో ఉంటే లీడ్ జారదు. కరోనరీ సైనస్ అసలు దొరకనప్పుడు పక్కటెముకల మధ్య చిన్న కోతతో బయటి నుంచి తీగ అమర్చుతారు. లేదంటే గుండె గదుల మధ్య గోడలో ఎడమ కట్టను నేరుగా పట్టుకునేలా కుడి వైపు నుంచే తీగను బిగిస్తారు. ఈ రెండో పద్ధతి 2017లో చైనా వైద్యులు చూపించాక వేగంగా వ్యాపిస్తోంది. ఎవరికి ఏది మేలన్నది మాత్రం ఇంకా తేలుతున్న విషయమే.

ఇంట్లో అమ్మానాన్నల్లో ఎవరికైనా సీఆర్‌టీ పెట్టాలన్నారనుకోండి. ముందే కొన్ని సంగతులు డాక్టర్‌తో మాట్లాడుకోవడం మంచిది. మూడో తీగ సిరలోంచి వెళ్లకపోతే ఏం చేస్తారు? అదే రోజు వేరే పద్ధతికి మారతారా, మరోసారి రావాలా? కిడ్నీలు బలహీనంగా ఉంటే చెప్పాలి, రంగుద్రవం వాటిని ఇబ్బందిపెడుతుంది. రక్తం పలుచబరిచే మందులు వాడుతుంటే, గతంలో పేస్‌మేకర్ గానీ డయాలసిస్ కోసం మెడలో గొట్టం గానీ పెట్టి ఉంటే తప్పక చెప్పాలి. పాత సిరలు తెరిచి ఉన్నాయో లేదో చేతికి రంగుద్రవం ఇచ్చి ముందే చూడొచ్చు. తీగ సరిగ్గా కూర్చున్నా నూటికి సుమారు 30 మందిలో ఆశించినంత మార్పు రాదు. ఆ మాటా ముందే విని ఉండాలి.

పరికరం పెట్టించుకుని ఇంటికొచ్చాక గుండె కొట్టుకున్నప్పుడల్లా పొట్ట ఎగిరిపడుతున్నట్టో, ఎక్కిళ్లు వస్తున్నట్టో ఉంటే కంగారు పడొద్దు, అలాగని ఊరుకోనూ వద్దు. గుండె పక్కనుంచే పొట్ట పైభాగంలోని కండరానికి వెళ్లే నరం ఒకటి ఉంటుంది. ఎడమ లీడ్ దానికి దగ్గరైతే నరం కూడా కదులుతుంది. ఇప్పటి లీడ్ల మీద నాలుగు విద్యుత్ కొసలుంటాయి. చాలామందికి మళ్లీ కోయకుండానే, ఛాతీ మీద పరికరం ఆనించి ఒక కొస బదులు మరో కొసను పనిచేయించి సరిచేస్తారు. ఆయాసం మళ్లీ ఎక్కువైతే మాత్రం లీడ్ జారిందేమోనని వెంటనే చూపించాలి. లీడ్ జారడం ఎక్కువగా మొదటి వారాల్లోనే జరుగుతుంది. అందుకే ఆ రోజుల్లో ఎడమ చేతిని భుజం పైకి ఎత్తొద్దని, బరువులు మోయొద్దని చెబుతారు. చేతిని అసలు కదపకుండా కూర్చున్నా భుజం పట్టేస్తుంది కాబట్టి కింది స్థాయిలో మామూలుగా ఆడిస్తూనే ఉండాలి.